మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు సర్వనామాలు: ‘నాన్నను హి అనవచ్చా?’ అన్న ప్రశ్నకు ఏమి చెప్పాలి?

ప్రశ్న: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి బోధిస్తున్నాను. రెండు తరగతులూ కలిపి 26 మంది. రంగుల పేర్లు, జంతువుల పేర్లు, ఇంట్లోని వస్తువుల పేర్లు వీరు ఇంగ్లీషులో చక్కగా చెబుతారు. ‘ఐ, మీ, మై, మైన్’ అన్న పట్టికను కూడా ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క తప్పు లేకుండా చెబుతారు. అయితే ఇంటి గురించి సొంతంగా మూడు వాక్యాలు చెప్పమన్నప్పుడు ఆ పట్టిక వారికి ఏ మాత్రం అక్కరకు రావడం లేదు.

ఈ వారం నోటుపుస్తకాలు దిద్దుతూ తప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. దాదాపు సగం మంది ‘దిస్ ఈజ్ అవర్ మదర్’ అని రాశారు. ఒక అమ్మాయి మా ప్రధానోపాధ్యాయుల గురించి ‘దే ఆర్ గుడ్ టీచర్’ అని రాసింది. ఇంకొక అమ్మాయి కాలేజీకి వెళ్ళే తన అక్కను ‘ఇట్’ అన్నది. ‘నిన్న సంతకు వెళ్ళాను’ అన్న వాక్యం చాలామంది చేతిలో ‘ఎస్టర్‌డే వెంట్ మార్కెట్’ అయింది. పేరు అడిగితే ‘యువర్ నేమ్ ఈజ్’ అని మొదలుపెట్టే వారు నాలుగో తరగతిలో కూడా ఉన్నారు.

ఇవన్నీ దిద్దగలిగినవే అనుకున్నాను. నన్ను నిజంగా నిలబెట్టేసింది వేరొక సంఘటన. ‘హి అంటే వాడు, అతడు’ అని మొదట్లో చెప్పి ఉన్నాను. మొన్న ఒక అబ్బాయిని వాళ్ళ నాన్న ఏమి చేస్తారో ‘హి’తో మొదలుపెట్టి చెప్పమన్నాను. వాడు చాలాసేపు నేల చూపులు చూసి, ‘నాన్నను వాడు అనమంటున్నారా టీచర్?’ అని అడిగాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరూ నా జవాబు కోసం చూశారు. ‘ఇంగ్లీషులో అంతే’ అని చెప్పి పాఠం ముందుకు నడిపాను గానీ, అది జవాబు కాదని నాకే తెలుస్తోంది. పిల్లలు ఇంట్లో నేర్చుకున్న మర్యాదను గాయపరచకుండా, వారి తెలుగునే ఆధారం చేసుకుని ఈ మాటలు నేర్పే దారి ఏదైనా ఉంటే అనుభవం ఉన్నవారు చెప్పగలరా?


జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

అమ్మా, ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నాకంటే బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉంటారు. నేను మిగిలిన తప్పుల గురించి చెబుతాను, ఎందుకంటే ముప్పై ఏళ్ళకు పైగా అవే తప్పులను ఎర్రసిరాతో కొట్టివేస్తూ వచ్చి, అవి తప్పులు కావని, పిల్లలు తమ తెలుగును ఎంతో నిజాయితీగా ఇంగ్లీషులోకి తీసుకువస్తున్నారని ఉద్యోగం చివరి ఏళ్ళలో మాత్రమే గ్రహించాను.

‘ఎస్టర్‌డే వెంట్ మార్కెట్’ తీసుకోండి. తెలుగు వాక్యంలో కర్త ఎవరో క్రియ చివరనే ఉంటుంది. ‘వెళ్ళాను’ అన్న తరువాత ‘నేను’ అని విడిగా చెప్పనవసరం లేదు, చెబితే నొక్కి చెప్పినట్టు అవుతుంది. కనుక పిల్లవాడు సర్వనామాన్ని మరచిపోలేదు, దాని అవసరం వాడికి ఎన్నడూ కలగలేదు. ఆ అవసరం కలిగించనంత కాలం పట్టిక ఎన్నిసార్లు అప్పజెప్పినా ఫలితం ఉండదు.

నేను చేసిన పని ఇది. బల్ల మీద ఒక జామకాయ పెట్టి, ‘తిన్నాను’ అన్నాను. ఎవరు తిన్నారని అడిగితే ‘మీరే సార్’ అన్నారు. ‘తిన్నావు’, ‘తిన్నాడు’, ‘తిన్నాము’, ‘తిన్నారు’, ‘తిన్నాయి’ అని ఒక్కొక్క మాటే చెబుతూ పోతే, ఎవరు తిన్నారో క్షణం ఆలస్యం లేకుండా చెప్పారు. ‘తిన్నాయి’ అన్నప్పుడు కోతులని ఒకరు, మేకలని ఒకరు పోటీ పడ్డారు. ఆ తరువాత ‘ఏట్’ అని ఆగాను. ‘ఎవరు తిన్నారు?’ అని అడిగాను. గది నిశ్శబ్దమైంది. కాసేపటికి వెనుక బల్ల నుండి ఒక పిల్ల, ‘ఎవరో చెప్పలేదు కదా సార్’ అన్నది. ఆ మాట కోసమే నేను ఎదురుచూశాను. తెలుగు క్రియ తనంతట తాను చెప్పే సంగతిని ఇంగ్లీషు క్రియ చెప్పదు, అందుచేత ముందుగా ఒక చిన్న మాట నిలబడి చెప్పవలసి వస్తుంది. ఆ రోజు నుండి పిల్లలు సర్వనామం వదిలేసినప్పుడల్లా నేను ‘ఎవరు?’ అని మాత్రమే అడిగేవాణ్ణి. కొన్ని వారాలకు వాళ్ళే ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

సమయం చెప్పేటప్పుడు వచ్చే ‘ఇట్’ కూడా ఇక్కడే పరిష్కారమవుతుంది. మనం ‘మూడయింది’ అని ఊరుకుంటాం, ఇంగ్లీషు వాక్యం మాత్రం తలుపు దగ్గర ఎవరో ఒకరు లేకుండా మొదలుకాదు, అందుకని ‘ఇట్’ను నిలబెడుతుంది. ఈ ‘ఇట్’కు అర్థం ఏమిటని పిల్లలు అడిగితే, అది ఖాళీ కుర్చీని నింపడానికి వచ్చిందని చెప్పండి, సరిపోతుంది.

ఇక అక్కను ‘ఇట్’ అన్న అమ్మాయి సంగతి. ‘అక్క వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అనే మూడింటికీ మనకు ఒకే క్రియ. మన వ్యాకరణంలో పురుషులను చెప్పే మాటలను మహద్వాచకాలని వేరు చేశారు, స్త్రీలను చెప్పే మహతీవాచకాలు ఏకవచనంలో, జంతువులను, వస్తువులను చెప్పే అమహద్వాచకాల క్రియనే తీసుకుంటాయి. ఆ పిల్ల తన భాష గీసిన గీత మీదనే నడిచింది. అయితే బహువచనానికి వచ్చేసరికి మన భాషే గీత మార్చివేస్తుంది: అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఈ తేడాను నేను ఒక పరీక్షగా వాడాను. ఒకరి గురించి లేదా ఒకదాని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు, ‘ఇద్దరుంటే వచ్చారు అంటామా, రెండుంటే వచ్చాయి అంటామా?’ అని మనసులో అడిగి చూసుకోమన్నాను. ‘వచ్చారు’ అయితే ‘హి’ లేదా ‘షి’, ‘వచ్చాయి’ అయితే ‘ఇట్’. ఎనిమిదేళ్ళ పిల్లలకు ఇది వెంటనే అందింది, ఎందుకంటే ఈ పరీక్షకు కావలసిన జ్ఞానమంతా వారి నాలుక మీద ముందే ఉంది. బహువచనంలో మాత్రం ఇంగ్లీషు ఆ గీతనే చెరిపేసి, అక్కలకూ ఆవులకూ బస్సులకూ కలిపి ‘దే’ అంటుందని ఆ తరువాత చెప్పవచ్చు.

పట్టికను పూర్తిగా మానవద్దు. పిల్లలు వాక్యాలు చెప్పడం మొదలుపెట్టిన తరువాత, నాలుగో తరగతి చివరలో, వారు వాడిన మాటలతోనే వారి చేత గళ్ళు నింపించండి.


జవాబు 2: జిల్లా విద్యా శిక్షణ సంస్థలో ఇంగ్లీషు అధ్యాపకురాలు

మాస్టారు చెప్పిన ‘ఏట్’ అభ్యాసాన్ని మా ఛాత్రోపాధ్యాయులకు చూపించడానికి అనుమతి కోరుతున్నాను.

మేడమ్, మీ అబ్బాయి ప్రశ్న దగ్గరకే వస్తాను. ఒక పురుషుని గురించి చెప్పడానికి తెలుగులో వాడు, అతను, ఆయన, వారు అని కనీసం నాలుగు మెట్లు ఉన్నాయి. ‘హి’ ఆ మెట్లలో ఏదో ఒక మెట్టు మీద కూర్చున్న మాట కాదు, ఇంగ్లీషులో ఆ మెట్లే లేవు. అందుచేత ‘హి అంటే వాడు’ అని మనం చెప్పిన క్షణంలోనే అర్థం తప్పుతుంది, మర్యాద కూడా తప్పుతుంది, ఆ బరువంతా పిల్లవాడి మీద పడుతుంది. వాడు అభ్యంతరం చెప్పడం పూర్తిగా న్యాయమే. ‘హి’ని ఎప్పుడూ ఒకే తెలుగు మాటతో జత చేయకండి. మొదటి రోజునే మూడు బొమ్మలు చూపండి: తమ్ముడు, నాన్న, తాతగారు. తెలుగులో వాడు, ఆయన, వారు అని పిల్లల చేతే చెప్పించి, మూడింటి కింద ఒకే ‘హి’ రాయండి. ‘మర్యాద ఎక్కడికి పోయింది?’ అని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఇంగ్లీషువాళ్ళు మర్యాదను ఈ మాటలో దాచరు, ‘సర్’ అనడంలో, ‘ప్లీజ్’ అనడంలో, అడిగే తీరులో, గొంతులో చూపుతారు అని చెప్పండి.

‘యు’ విషయంలో పిల్లలకు ఇంకా మంచి కబురు చెప్పవచ్చు. పూర్వం ఇంగ్లీషులో ఒక్కరిని పిలవడానికి ‘దౌ’ అన్న మాట ఉండేది, ‘యు’ అనేకులకు వాడే రూపం. ఒక్కరినే గౌరవించి పిలవడానికి కూడా బహువచన రూపాన్ని వాడడం అలవాటైంది, సరిగ్గా మన ‘మీరు’ వలెనే. క్రమంగా ఆ గౌరవరూపమే అందరికీ పాకి, 17వ శతాబ్ది ముగిసేసరికి ‘దౌ’ సాధారణ సంభాషణ నుండి చాలావరకు తప్పుకున్నది. అంటే ఇంగ్లీషులో టీచరునూ తమ్ముణ్ణీ పిలిచే ‘యు’ పుట్టుకలో ‘నువ్వు’ కాదు, ‘మీరు’. ఒక్కరే ఎదురుగా ఉన్నా ‘యు ఈజ్’ అనక ‘యు ఆర్’ అనడానికి కారణం కూడా ఇదే. నేను ఈ సంగతి చెప్పిన ప్రతి తరగతిలోనూ ‘యు ఈజ్’ అన్న తప్పు తగ్గింది.

‘అవర్ మదర్’ గురించి. ఏకైక సంతానం కూడా మనలో ‘మా అమ్మ’ అనే అంటుంది. పుస్తకం, పెన్సిలు, చెయ్యి, కాలు అయితే ‘నా’. అమ్మ, నాన్న, ఇల్లు, ఊరు అయితే ‘మా’. అమ్మానాన్నల వంటి చుట్టరికాల దగ్గర ఇంగ్లీషు, మాట్లాడేది ఎంతమంది అని చూస్తుంది. పల్లె బడిలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎలాగూ ఉంటారు కనుక, ఒకే ఇంటి పిల్లలిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ‘అవర్ మదర్’ అనిపించండి, తరువాత ఒకరిని కూర్చోబెట్టి మిగిలినవారి చేత ‘మై మదర్’ అనిపించండి. 2020-21 నుండి మన రాష్ట్రంలో ఇస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా. తెలుగు వైపున ‘మా’ ఉన్నచోట ఇంగ్లీషు వైపున ఏముందో వెదకమనండి. రెండు పేజీలను పక్కపక్కన ఇచ్చినందుకు దక్కే అసలు లాభం ఇటువంటి వెదుకులాటే అని నా అభిప్రాయం.

‘యువర్ నేమ్ ఈజ్’ అన్న తప్పుకు మాత్రం బాధ్యత మనదే. ‘నేను చెప్పినట్టు చెప్పండి’ అన్న పద్ధతి కాయల పేర్లకు పనికివస్తుంది, ‘ఐ’, ‘యు’లకు పనికిరాదు. నేను నా పుస్తకం పట్టుకుని ‘దిస్ ఈజ్ మై బుక్’ అంటే, ముప్పై మంది పిల్లలు నా పుస్తకాన్నే చూస్తూ ‘మై బుక్’ అంటారు. ఆ క్షణంలో వారు చెప్పినది అబద్ధం, నేర్చుకున్నది తప్పు. ఈ మాటలు చెప్పే నోటిని బట్టి చేయి మారుతుంటాయి. కనుక ప్రతి పిల్లవాడూ తన వస్తువును తాకి చెప్పాలి, అడిగే పని కూడా పిల్లలకే ఇవ్వాలి. ముగ్గురేసి కూర్చోబెడితే ఇంకా మంచిది, ఎందుకంటే ఇద్దరి మధ్య ‘ఐ’, ‘యు’ మాత్రమే పుడతాయి, మూడో మనిషి ఉంటేనే ‘హి’, ‘షి’ అవసరమవుతాయి.

ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. మన వ్యాకరణంలో ‘నేను’ ఉత్తమ పురుష, ‘నువ్వు’ మధ్యమ పురుష, ‘అతడు’ ప్రథమ పురుష. ఇంగ్లీషులో ‘ఫస్ట్ పర్సన్’ అంటే ‘నేను’. పదానికి పదం మార్చి ‘ఫస్ట్ పర్సన్ అంటే ప్రథమ పురుష’ అని బోర్డు మీద రాసిన వారిని శిక్షణ తరగతులలో చూశాను. ప్రాథమిక తరగతులలో ఈ పేర్లేవీ పిల్లలకు చెప్పకపోవడమే మేలు.


జవాబు 3: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, కర్నూలు

మా తరగతిలో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. పైన చెప్పిన తప్పులు వారిలో వేరే రూపంలో వస్తాయి కనుక రాస్తున్నాను. ఉర్దూలో అతను, ఆమె, అది అన్నింటికీ ‘వో’ ఒక్కటే. అందుచేత తెలుగు ఇళ్ళ పిల్లలు ‘షి’, ‘ఇట్’ల దగ్గర తడబడితే, ఉర్దూ ఇళ్ళ పిల్లలు ‘హి’, ‘షి’ల దగ్గర తడబడతారు. ‘హిజ్’, ‘హర్’ల దగ్గర కష్టం ఇంకా ఎక్కువ. ‘ఉస్‌కా ఘర్’, ‘ఉస్‌కీ కితాబ్’ అన్నప్పుడు కా, కీ అనేవి ఇంటిని, పుస్తకాన్ని బట్టి మారుతాయి, ఎవరిదన్న దానిని బట్టి కాదు. తెలుగులో ‘అతని’, ‘ఆమె’ అన్న మాటలు ఇంగ్లీషులో వలెనే సొంతదారును బట్టి వస్తాయి. ఇక్కడ తెలుగు వచ్చిన పిల్లవాడు పక్కవాడికి గురువు అవుతాడు, వాళ్ళిద్దరినీ జతగా కూర్చోబెడతాను.

మా సీమలో ‘ఆయప్ప’, ‘ఆయమ్మ’ అంటాం. ‘హి’ అంటే ఆయప్ప, ‘షి’ అంటే ఆయమ్మ అని చెబితే మా పిల్లలకు మర్యాద చిక్కు రాలేదు. పైన అధ్యాపకురాలు గారు ఒకే మాటతో జత చేయవద్దన్నారు, అది సరైనదే అయినా మొదటి నెలలో ఏదో ఒక ఊతం ఇవ్వక తప్పదని నా అనుభవం. ఆ ఊతం పిల్లల ఊరి మాట అయితే మంచిది.

అభ్యాసం కావాలంటే పోయిన వస్తువుల పెట్టె పెట్టండి. నేల మీద దొరికిన పెన్సిళ్ళు, రబ్బర్లు, రిబ్బన్లు, మధ్యాహ్న భోజనం పళ్ళేలు అందులో వేయించి, సాయంత్రం ఒక్కొక్కటి పైకెత్తి ‘హూజ్ ఈజ్ దిస్?’ అని అడుగుతాను. ‘ఇట్ ఈజ్ మైన్’, ‘నో, ఇట్ ఈజ్ హర్స్’ అన్నవి నిజమైన తగాదాలో పుట్టిన మాటలు కనుక మరచిపోరు.


జవాబు 4: వారాంతపు తెలుగు తరగతుల స్వచ్ఛంద ఉపాధ్యాయిని, డాలస్

నేను ఇదే పాఠాన్ని ఎదురు దిక్కు నుండి చెబుతున్నాను, ఇంగ్లీషు ముందు వచ్చిన పిల్లలకు తెలుగు సర్వనామాలు నేర్పుతాను. వారికి ‘వి’ ఒక్కటే తెలుసు, మనకు మేము, మనము రెండున్నాయి. మా అబ్బాయి ఒకసారి ఫోనులో వాళ్ళ అమ్మమ్మతో ‘రేపు మనం సముద్రానికి వెళ్తున్నాం’ అన్నాడు. మమ్మల్ని చూసి రెండేళ్ళయిన మా అమ్మ ఒక్క క్షణం, మేము ఊరికి వచ్చేశామేమో అనుకుని ‘ఎప్పుడు దిగారు నాన్నా?’ అని అడిగింది. ఒక చిన్న మాట తేడా ఎంత దూరం చూపిస్తుందో నాకు ఆ రోజు తెలిసింది.

మీ పిల్లలకు ఇది ఇలా ఉపయోగపడవచ్చు. ‘వి’ అన్నప్పుడు మేమా, మనమా అన్న సందేహం వారికి తప్పక వస్తుంది, అడిగిన పిల్లవాణ్ణి మెచ్చుకోండి. ‘లెట్స్’తో మొదలయ్యే వాక్యాలు మాత్రం ఎప్పుడూ ‘మనం’ అన్న అర్థంలోనే వస్తాయి: ‘లెట్స్ ప్లే’ అంటే మనం ఆడుకుందాం. ఆ ఒక్క గుర్తు ముందుగా ఇస్తే చాలు.

‘నాకు’తో మొదలయ్యే వాక్యాలను కూడా ఒకసారి గమనించండి. నాకు ఆకలేస్తోంది, నాకు మామిడిపండు ఇష్టం, నాకు ఒక చెల్లెలు ఉంది అన్న మూడూ ఇంగ్లీషులో ‘ఐ’తోనే మొదలవుతాయి. ‘నాకు’ అంటే ‘టు మి’ అని విడిగా నేర్పితే పిల్లలు ఈ మూడు చోట్లా జారిపడతారు. మా పిల్లలు ఇదే చోట ‘నేను ఆకలి’ అంటారు, జారే దిక్కు మాత్రమే వేరు.


ప్రశ్న వేసిన ఉపాధ్యాయిని

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ నమస్కారాలు. పది రోజులు గడిచాక మళ్ళీ రాస్తున్నాను.

మొదట మూడు బొమ్మల పాఠం చెప్పాను, ముందుగా ఆ అబ్బాయి దగ్గరకు వెళ్ళి, ‘నువ్వు అడిగినది మంచి ప్రశ్న, నేను ఆ రోజు సరిగా చెప్పలేదు’ అని అందరి ముందూ అన్నాను. ‘యు’ అంటే ఒకప్పుడు ‘మీరు’ అని చెప్పినప్పుడు వాడి ముఖం విప్పారింది. ‘అయితే చెల్లెల్ని కూడా మీరు అంటారా టీచర్?’ అని అడిగి, మధ్యాహ్నమంతా వాళ్ళ చెల్లెల్ని తెలుగులోనే మీరు, మీరు అని పిలిచాడు. సాయంత్రానికి వాళ్ళ నాన్న గురించి రెండు వాక్యాలు చెప్పాడు. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హి గ్రోస్ టొబాకో.’ రెండో వాక్యం చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించాడు, మర్యాదను అక్కడ పెట్టాడని నాకు అనిపించింది.

‘ఏట్’ పాఠం మాస్టారు చెప్పినట్టే జరిగింది, మా దగ్గర జామకాయకు బదులు సపోటా. ముగ్గురేసి కూర్చోబెట్టడం మాత్రం 26 మందితో అంత సులువుగా సాగలేదు, చివరి గుంపులో ఇద్దరే మిగిలి గొడవ చేశారు. వారితో నేనే మూడో మనిషిగా కూర్చుంటున్నాను. ‘అవర్ మదర్’ ఇంకా పూర్తిగా పోలేదు.

ఒక సందేహం మిగిలింది. ‘వచ్చారు, వచ్చాయి’ పరీక్ష పెట్టిన తరువాత, నాలుగో తరగతి అమ్మాయి ఒకతె తమ ఇంటి ఆవు గురించి ‘హర్ నేమ్ ఈజ్ గౌరి. షి గివ్స్ మిల్క్’ అని రాసింది. పరీక్ష ప్రకారం అది ‘ఇట్’ కావాలి కదా అని పక్కనున్న పిల్లలు తప్పు పట్టారు. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు గానీ, రబ్బరు తీసుకుని చెరపడానికి మాత్రం ఒప్పుకోలేదు. నేను టిక్కు పెట్టలేదు, కొట్టివేయనూ లేదు. ఏమి చేయమంటారు?


జవాబు 5: విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

టిక్కు పెట్టండమ్మా. పేరు పెట్టి పెంచుకున్న జంతువును ఇంగ్లీషు వాళ్ళు కూడా ‘హి’ అనీ ‘షి’ అనీ పిలుస్తారు. నా పరీక్షకు అందని సంగతిని ఆ పిల్ల పట్టుకున్నది. సంతలో కనిపించిన ఆవు గురించి రాయమంటే ఏ మాట వాడుతుందో ఒకసారి అడిగి చూసి, ఏమన్నదో ఇక్కడ రాయగలరు.